పాత చీరల కంచె

ఈ ప్రయాణానికి కారణం కనుమ రాత్రి మా ఇంట్లో జరిగిన వాదన. మా బావగారు చాలా ఏళ్లుగా బోట్స్వానాలో అకౌంటెంటు. రెండేళ్లకోసారి సంక్రాంతికి విజయవాడ వస్తారు. ఆ రాత్రి గారెలూ నాటుకోడి పులుసూ తింటుండగా, "మావయ్య మొక్కజొన్నని అడవిపందులు తినేస్తున్నాయట" అంది అక్క. అంతే, బావగారు ఎంగిలిచేత్తోనే మొదలుపెట్టారు. "మా దగ్గర ఏనుక్కే లైసెన్సు ఇస్తారు. డబ్బున్నవాడు వచ్చి ఫీజు కట్టి కాలుస్తాడు, ఆ డబ్బు ఊరికి చేరుతుంది. ఇక్కడ పందిని కాల్చడానికి కూడా భయమేనా?"

నేను కోర్టులో సివిల్ కేసులు చూసుకునే వాణ్ణి. అడవి చట్టం నా దారి కాదు. అయినా వాదన కళ్లముందు పెట్టి ఊరుకోమంటే ప్లీడరు ఊరుకుంటాడా? కెన్యాలో 1977లోనే వేట మొత్తం ఆపేశారు కదా అన్నాను. బోట్స్వానాలో 2014లో ఆపి 2019లో మళ్లీ ఎందుకు తెరిచారో తెలుసా అన్నారాయన. పన్నెండు దాటింది. లోపలి గదిలోంచి అక్క అరిచింది: "ఇద్దరూ పోయి చూసి రండి, మమ్మల్ని పడుకోనివ్వండి!"

మా దగ్గర్లో నేషనల్ పార్కు అంటూ లేదు. పాపికొండలకు 2008లో ఆ హోదా వచ్చింది గానీ అది గోదావరి మీది మాట. మాకు అందేవి కొల్లేరు, గుంటూరు పక్కన ఉప్పలపాడు, ఇటు కొండపల్లి అడవి, ఆ వెనక మావయ్య పొలం. నాలుగు రోజులు చాలు అనుకున్నాం.

జనవరి 17, శనివారం: సింగ్ నగర్ నుంచి కొల్లేరు

మా ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చి, హాలు గోడ మీద నడుమెత్తున ఒక గీత గీసి పోయింది. రెండుసార్లు రంగు వేయించినా చలికాలంలో ఆ గీత మళ్లీ తేలుతుంది. బయల్దేరుతూ బావగారు దాన్ని వేలితో తడిమి చూశారు. ఆ బుడమేరు పోయి కలిసేది కొల్లేరులోనే. ఇంట్లోకొచ్చిన నీళ్ల వెంట మేమూ పోతున్నాం అన్నమాట.

గుడివాడలో పెసరట్టు ఉప్మా తిన్నాం. ప్లేటు 60. అల్లప్పచ్చడి ఘాటుకి బావగారి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంకో పెసరట్టు మాత్రం వద్దనలేదు. అక్కణ్నుంచి మా డ్రైవరు ఫోను చెప్పిన అడ్డదారి నమ్మి ఎడమకు తిప్పాడు. రెండు కిలోమీటర్లు పోయేసరికి తారు పోయింది, మట్టి వచ్చింది, అటూ ఇటూ చేపల చెరువులు. గట్టు మీద ఒక్క బండికే దారి. ఎదురుగా ఐసు పెట్టెల లారీ. దాని క్లీనరు దిగొచ్చి మమ్మల్ని చూసి, "పెళ్లివారా?" అన్నాడు. కాదంటే, "మరి ఈ గట్టు మీదికి కారు ఎందుకు తెచ్చారండీ" అని నవ్వి, తనే ముందు నడుస్తూ అర కిలోమీటరు మమ్మల్ని వెనక్కి నడిపించాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. బీడీ ఉందా అన్నాడు, అది మా దగ్గర లేదు.

ఆ వెనక్కి నడకలోనే చెరువు చూడటం తీరింది. నీళ్ల మీద అడ్డంగా దారాలు లాగి, వాటికి మెరిసే ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టారు. గట్టు మీద గుడిసె ముందు కుర్రాడొకడు టపాకాయ పేల్చాడు. అవతల చెరువులోంచి నాలుగు గూడబాతులు బద్ధకంగా లేచి, ఒక చుట్టు తిరిగి, ఇవతల చెరువులో దిగాయి. కుర్రాడు మావైపు చూసి చేతులు తిప్పాడు, ఏం చెయ్యమంటారు అన్నట్టు.

కైకలూరు దాటగానే ఆటపాక. లోపలికి టికెట్టు, పడవకి వేరే టికెట్టు. ముగ్గురికీ కలిపి మూడు వందలు కూడా కాలేదు. బావగారు రసీదులు మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆయనకు రసీదు కనిపిస్తే పారెయ్యబుద్ధి కాదు. బోట్స్వానాలోని చోబే నేషనల్ పార్కులో ఆ దేశం వాళ్లకు ఒక రేటు, తనలా అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఒక రేటు, బయట నుంచి వచ్చే టూరిస్టులకు ఇంకో పెద్ద రేటు ఉంటుందని చెప్పారు. "ఇక్కడ నన్ను కూడా లోకల్ కిందే జమకట్టారయ్యా," అని సంతోషపడ్డారు.

పడవలో పోతుంటే నీళ్లలో అటవీశాఖ వాళ్లు పాతిన ఇనప స్టాండ్లు, వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు. ఒక్కో స్టాండు మీద గూడబాతులు అపార్టుమెంటులో కాపురాల్లా కూచున్నాయి. పిల్ల తల మొత్తం తల్లి నోటి కింది సంచిలో దూర్చేసి తింటోంది. వాసన గట్టిది. చేపలూ రెట్టా కలిసిన వాసన, పది నిమిషాలకు అలవాటైపోతుంది. పడవ నడిపే ఆయనది పక్కనే లంక గ్రామం. "వీటికి ఇనప మంచాలు వేశారండీ, మా చెరువులకు బాంబులు పెట్టారు," అన్నాడు నవ్వుతూనే. గొంతులో నవ్వు లేదు.

ఆయన చెప్పింది 2006 నాటి మాట. 1999లో 120 నంబరు జీవో వచ్చి ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలిదంతా, 308 చదరపు కిలోమీటర్లకు పైగా, అభయారణ్యం అయింది. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా రామ్‌సర్‌లోకీ ఎక్కింది. కాగితం మీద అభయారణ్యం, నీళ్ల మీద చెరువులు. సుప్రీంకోర్టు దాకా పోయాక, వైఎస్ ప్రభుత్వం 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చేసింది. తర్వాత 2008లో అసెంబ్లీయే ఐదో కాంటూరును మూడుకు తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వచ్చి చూసి, తగ్గించొద్దు, ఐదుకే ఉంచమంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మూడు, ఐదు అనే ఈ రెండు అంకెలు లంక గ్రామాల్లో మైకులెక్కుతాయి.

మధ్యాహ్నం కైకలూరులో ఒక మెస్సులో భోజనం. శీలావతి చేప పులుసు, 160. చింతపండు ఎక్కువ, ఉల్లి ముద్ద తక్కువ, మెంతి పొడి చివర్లో. ఇంట్లో ఆడవాళ్లు వండుతారని పులుసు చూస్తేనే తెలుస్తుంది. ఎదురు బల్ల దగ్గర తెల్ల చొక్కా పెద్దాయన మా మాటలు విని తనే కలుపుకున్నాడు. ఆయనకు లోపల జిరాయితీ భూమి ఉందట, తాత పేరున పట్టా ఉందట. "నా పొలానికి నేను కాగితం ప్రకారం యజమానిని. పార గుచ్చాలంటే మాత్రం దొంగని," అన్నాడు. "పక్షి తింటే పోనివ్వండి, దానికీ కడుపుందిగా. రోజుకు ఎంత తింటుందో ఒక్కరన్నా లెక్కగట్టి మాకు ఇచ్చారా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచిన జవాబు మా హాలు గోడ మీది గీత. గట్ల వల్ల నీరు వెనక్కి తంతుందని మా సింగ్ నగర్‌లో అందరూ అంటారు. ఆ మాటే అన్నాను. ఆయన తినడం ఆపి, "అయితే మీ ఇల్లు బుడమేరు దారిలో ఎవరు కట్టమన్నారు బాబూ?" అన్నాడు. మెస్సులో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, మేం వద్దంటున్నా మా పెరుగు కప్పుల డబ్బులు కూడా ఇచ్చేసి వెళ్లిపోయాడు.

జనవరి 18, ఆదివారం: గుంటూరు, ఉప్పలపాడు

ఆదివారం పెదకాకాని గుడి దగ్గర రద్దీ. ముప్పావు గంట కదల్లేదు. ఉప్పలపాడు చిన్న ఊరు, ఊరి చెరువులే పక్షుల కేంద్రం. ఇళ్లు, బడి, చెరువు, చెరువులో తుమ్మ చెట్లు, చెట్ల మీద వేల పక్షులు. కంచె అవతల ఒకావిడ బట్టలు ఆరేస్తోంది, ఇవతల ఎర్రకాళ్ల కొంగ గూటికి పుల్లలు మోస్తోంది. టికెట్టు రెండు టీల ఖరీదు కూడా లేదు.

వాచ్ టవరు మీద గుంటూరు కుటుంబం ఒకటి. తండ్రి పిల్లలకు "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అని చెప్తున్నాడు. మన దగ్గర ఏ పక్షి కనిపించినా సైబీరియానే. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఈ దేశపువే, నీళ్లనూ తిండినీ బట్టి చోటు మారుస్తుంటాయి. చెబుదామనుకుని, పిల్లల మొహాలు చూసి మానుకున్నాను. సైబీరియా అన్న మాటకే వాళ్ల కళ్లు అంతంత అయ్యాయి.

నేను తెలుసుకోవాలనుకున్నది వేరే. ఈ ఊరు వీటిని ఎందుకు భరిస్తోంది? అరుగు మీద కూచున్న ఒక పెద్దామెను అడిగాను. ఆమె పక్కనే చోటు చూపించి కూచోమంది, మజ్జిగ ఇప్పించింది. "ఏమోనయ్యా, మా అత్తగారప్పుడే ఉన్నాయి. కంపు కొడతయ్. వానాకాలం మరీ. కోడలు ముక్కు మూసుకుంటది. రాని ఏడు మాత్రం అందరం పైకి చూస్తంటాం." అంత కంటే చెప్పడానికి ఆమెకేమీ లేదు. ఇవి మేత కోసం పొద్దున్నే పొలాల మీదికీ కాలవల మీదికీ పోతాయి, ఊరి పంటకు ముప్పు తక్కువ. కైకలూరు చెరువుల మీద గూడబాతు దొంగ, ఇక్కడ అదే పక్షి చుట్టం. నష్టం ఎవరిదో చూస్తే చాలావరకు అర్థమైపోతుందని బావగారు టవరు దిగుతూ అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనతో ఒప్పుకున్నాను.

గుంటూరులో మధ్యాహ్నం గోంగూర మటన్, సాయంత్రం బ్రాడీపేటలో మిరపకాయ బజ్జీ, పైన మాల్‌పూరి. బజ్జీలో మిరపకాయ గింజ తియ్యలేదు. బావగారు నోరు తెరుచుకుని గాలి పీలుస్తూ, ఒక మాల్‌పూరి తిని, మళ్లీ బజ్జీ తిని, మళ్లీ మాల్‌పూరి తిన్నారు. ఇదీ ఒక రకం వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంటే అన్నారు. మొత్తం 190.

తిరుగు దారిలో టికెట్ల మీద పడింది వాదన. ఇంత తక్కువ పెడితే పక్షికీ మిగలదు, ఊరికీ మిగలదు, పెంచాలన్నది ఆయన మాట. పెంచితే ఆ టవరు మీద పిల్లలు రాగలరా అన్నది నా మాట. ఎంత పెంచాలన్న దానికంటే ఆ డబ్బు ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న అనిపించింది నాకు. పులుల రిజర్వులకు 2006 చట్ట సవరణతో ఫౌండేషన్లు వచ్చాయి, గేటు దగ్గర వసూలైంది అక్కడి పనులకే వాడుకోవచ్చు. 2012లో సుప్రీంకోర్టు కొన్ని నెలలు ఆ రిజర్వుల కోర్ ఏరియాల్లో, అంటే అడవి నడిబొడ్డున, టూరిజాన్ని ఆపేసినప్పుడు కూడా, మళ్లీ తెరిచేటప్పుడు కోర్‌లో ఐదో వంతుకు మించి టూరిస్టులకు ఇవ్వొద్దన్న నిబంధన వచ్చింది. పులికి ఇన్ని ఏర్పాట్లు. పంది పాడుచేసిన మొక్కజొన్నకు ఏ గేటు దగ్గరా టికెట్టు ఉండదు.

జనవరి 19, సోమవారం: కొండపల్లి, ఆపైన మావయ్య పొలం

విజయవాడ నుంచి గంట లోపే కొండపల్లి. కోట ఎక్కలేదు. బావగారి మోకాలు ఒప్పుకోలేదు. బొమ్మల కాలనీలో అరుగుల మీదే పని. ఒకాయన ఉలితో ఏనుగు తొండం దిద్దుతున్నాడు, ఆయన భార్య చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చెవులు అతికిస్తోంది. తెల్ల పొణికి కర్ర చేతికిచ్చాడు, ఎంత తేలికో! ఎండాక కాగితం పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ చెట్టు ఈ కొండల్లో ఇప్పుడు దొరకడం కష్టమట. "మా తాత పొద్దున పోయి మధ్యాహ్నానికి దుంగతో వచ్చేవాడు. ఇప్పుడు కర్ర మా దగ్గరికి రావాలి, వచ్చినప్పుడే పని," అన్నాడు. అడవి కాపాడేవాళ్ల మీద కోపం లేదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "అడవి పోతే మేం ప్లాస్టిక్ బొమ్మలు చెక్కాలా?"

బావగారు దశావతారాల సెట్టు కొన్నారు, 1,400 చెప్పి 1,250కి ఇచ్చారు. బేరమాడినందుకు నాకు కొంచెం సిగ్గేసింది. కారులో ఆయన పెట్టె తెరిచి వరాహావతారాన్ని బయటికి తీసి చూశారు. నీలం ఒళ్లు, తెల్ల కోరలు, నాలుగు చేతులు. "మావయ్యకిది చూపిస్తే ఏమంటాడో?" అన్నారు. పెట్టెలో దాచెయ్యండి అన్నాను.

మావయ్య ఊరు మైలవరం దాటాక కొండల కింద. మూడెకరాల మొక్కజొన్న, కౌలు చేను. కంకి పాలు పోసుకుంటోంది. దూరం నుంచి చూస్తే ఊళ్లో ఏదో తిరణాల జరుగుతున్నట్టు ఉంది. చేను చుట్టూ గుంజలు పాతి చీరలు కట్టాడు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, ఒకటి జరీ అంచుది. మా అత్తయ్య అన్నీ గుర్తుపట్టి చెప్తోంది. "అది పెద్దదాని సీమంతానికి పెట్టింది. అది నీ పెళ్లికి మీ అమ్మ పెట్టింది, అల్లుడూ, రంగు దిగింది." గట్టు మీద అక్కడక్కడా మంగలి షాపు నుంచి తెచ్చిన వెంట్రుకలు. మనిషి వాసనకు పంది జడుస్తుందట. వారం జడిచిందట, తర్వాత మానేసింది. కుక్క అరుపులు రికార్డు చేసిన మైకు ఒకటి కొన్నాడు, 2,500. పందులు దానికీ అలవాటు పడ్డాయి గానీ ఊళ్లో నిజం కుక్కలు ఇంకా పడలేదు. అది అరిచినప్పుడల్లా తెల్లవార్లూ బదులిస్తున్నాయట.

కరెంటు తీగ మాట అడిగాను. మావయ్య మొహం మారింది. "ఆ పని మాత్రం చెయ్యను. పక్కూళ్లో చెయ్యి తగిలి ఒక పిల్లాడు పోయాడు. నీళ్లు కట్టడానికి పోయినోడు. పంది కోసం పెట్టిన తీగ పంది అనుకునే చంపుద్దా?"

నష్టపరిహారం కథ ఇంకోటి. కిందటేడు ఎకరం దాకా పోతే దరఖాస్తు పెట్టాడు. ఫోటోలు తీశారు, కొలతలు తీశారు. ఒక ఆఫీసులో కాగితం చూసి పట్టాదారు ఎవరన్నారు. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. కౌలు కార్డు తెమ్మన్నారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూమి యజమాని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. నేను లాయర్ని కదా, అలా పోదని నాలుగు ముక్కల్లో చెప్పగలను. ఆయన నా ఫోను ఎత్తితే కదా. మావయ్య ఆ కాగితాల కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. జిరాక్సులే 140 రూపాయలయ్యాయట.

"అయితే కాల్చడానికి పర్మిషన్ అడగండి మావయ్యగారూ," అన్నారు బావగారు.

ముందురోజు రాత్రి చట్టం చదివి ఉన్నాను కాబట్టి అందుకున్నాను. 1972 వన్యప్రాణి చట్టంలో దారి లేకపోలేదు. 11వ సెక్షను కింద, నిలబడి ఉన్న పంటకు నష్టం చేస్తోందంటే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చినవాళ్లు గానీ పందిని చంపడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కేరళలో 2022 నుంచి పంచాయతీ ప్రెసిడెంట్లకే ఆ అధికారం ఇచ్చారు. కేంద్రం ఒక జంతువును పంటనాశక జంతువుగా ప్రకటిస్తే ఆ అనుమతి కూడా అక్కర్లేదు. 2015 చివర్లో బీహార్‌లో నీలగాయిలకూ పందులకూ అలాగే చేశారు. 2016లో మొకామాలో 200కు పైగా నీలగాయిలను కాల్చారు. కాల్చినవాళ్లు హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లే. అప్పుడు కేంద్రంలో మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ ఇద్దరూ మంత్రులు. జావడేకర్ పర్యావరణ శాఖ చేసినదాన్ని మేనక బాహాటంగా తిట్టారు.

మావయ్య అంతా విని, "అనుమతి వచ్చి కాల్చామే అనుకో, కూర వండుకోవచ్చా?" అన్నాడు.

"కుదరదు. 39వ సెక్షను కింద ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి."

"చేను తిన్నప్పుడు ఎవరి ఆస్తి?"

సివిల్ కోర్టులో ఇలాంటి ప్రశ్నకు వాయిదా అడుగుతాం. అత్తయ్య నా చేతిలో గ్లాసు పెట్టింది.

రాత్రి జొన్న రొట్టె, వంకాయ పచ్చిపులుసు తిని మంచె ఎక్కాం. నాలుగు కర్రల మీద గడ్డి పరిచిన మంచె, కింద నెగడు. మావయ్య నడుముకు వడిసెల, పక్కన ఖాళీ నూనె డబ్బా, చేతిలో టార్చి లైటు. మంచు దిగుతోంది. తొమ్మిదయ్యేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడి. చుట్టుపక్కల చేలల్లో కూడా నెగళ్లు వెలుగుతున్నాయి, అరగంటకోసారి ఎవరో ఒకరు డబ్బా కొడతారు, దానికి ఇంకొకరు హోయ్ అంటారు. అందరూ మెలకువగా ఉన్నారా అని పందులతో పాటు ఒకరినొకరు చూసుకోవడమే అది. మావయ్యకు అరవై రెండేళ్లు. కంకి పట్టినప్పటి నుంచి కోతయ్యే దాకా ఆయన ఇంట్లో పడుకోడు.

ఆ చలిలో బావగారు బోట్స్వానా కథలు చెప్పారు. అక్కడ లక్షా ముప్పై వేల దాకా ఏనుగులు. ఒక రాత్రిలో చేను చేనంతా తొక్కేస్తాయి. వేట ట్రోఫీలు దిగుమతి కాకుండా చూస్తామని జర్మనీ వాళ్లంటే, 2024లో అప్పటి ప్రెసిడెంటు మసీసీ, మీకు 20,000 ఏనుగులు పంపిస్తాం, కలిసి బతికి చూడండి అన్నాడట. మావయ్య పడీ పడీ నవ్వాడు. "ఆయనకు ఓటేస్తా," అన్నాడు. నేను వదలకుండా అడిగాను: "వేటగాడు కట్టిన ఫీజు ఊరికి చేరడం మీరు కళ్లారా చూశారా బావగారూ?" ఆయన కాసేపు నెగడు వైపు చూసి, "పార్కుల లోపల వేట ఉండదులే, బయట వేరే బ్లాకుల్లో. చేరుతుందంటారు. నేను ఉండేది రాజధాని గాబరోన్‌లో, ఆఫీసులో," అన్నారు. కనుమ రాత్రి ఇది చెప్పి ఉంటే త్వరగా పడుకునేవాళ్లం.

రెండు దాటాక మావయ్య నా భుజం తట్టాడు. ఏమీ వినపడలేదు నాకు. తర్వాత పటపటమని దంట్లు విరిగే చప్పుడు, గుర్రుమని గొంతు, అంతలో అన్నీ ఒకేసారి. టార్చి వేశాడు. చీరల కంచె కింద నుంచి దూరి, ముందు పెద్దది, వెనక పిల్లలు, వాటి వెనక ఇంకా పెద్దవి. జరీ అంచు చీర ఒకదాని వీపు మీద సగం కప్పుకుని ఊడి వచ్చింది. మావయ్య డబ్బా అందుకున్నాడు, నేను అరిచాను, ఏమరిచానో తెలీదు. వడిసెల రాయి గుయ్యిమంటూ పోయింది. బావగారు మంచె దిగబోయి మూడో మెట్టు మీద చెప్పు జారి గడ్డిలో కూలబడ్డారు. లేవకుండానే వేళ్ల మీద లెక్కపెడుతున్నారు.

"పదకొండు!" అన్నారు, అన్నీ కొండ వైపు వెళ్లిపోయాక. "పిల్లలు ఆరు, పెద్దవి ఐదు."

"పన్నెండు," అన్నాడు మావయ్య. "కుంటిది వెనకొస్తది. అది పోయేదాకా పడుకోవద్దు."

అది పావుగంట తర్వాత వచ్చింది. ఒంటరిగా, తొందర లేకుండా, కంచె పక్కనే నిలబడి మా నెగడు వైపు చూసింది. ముందుకాలు ఒకటి నేలకు ఆనడం లేదు. ఎప్పుడో ఎవరి ఉచ్చులోనో పడి తెంచుకున్నదట. మావయ్య రాయి వెయ్యలేదు, డబ్బా ఊరికే రెండుసార్లు తట్టాడు. అది వెళ్లిపోయింది.

జనవరి 20, మంగళవారం: మళ్లీ ఇంటికి

పొద్దున చేలో తిరిగితే ఉత్తరం మూల పావు ఎకరం దాకా నేలమట్టం. ఒక్కో కంకి రెండు కొరుకులు కొరికి వదిలేశాయి. అదే మావయ్యకు మండేది. తింటే పూర్తిగా తినొచ్చుగా అని. అత్తయ్య సగం కంకులన్నీ గంపలో ఏరింది, గేదెకు పనికొస్తాయి. చేను నుంచి కొండకు పోయే పందిబాట ఎండ పడగానే తెల్లగా మెరిసింది, మనుషులు నడిచే బాట కంటే శుభ్రంగా ఉంది. అడవిలో తిండి లేక దిగుతున్నాయంటారు కదా అన్నాను. "ఉండనీ. రోజూ మొక్కజొన్న పెట్టే ఇల్లు దొరికాక నువ్వైనా అడవికి పోతావా?" అన్నాడు మావయ్య.

ఎకరానికి ఎంత పెట్టావు అని బావగారు చిన్న పుస్తకం తీశారు. విత్తనం, దుక్కి, ఎరువు, కౌలు, అన్నీ రాసుకున్నారు. కింద మా ప్రయాణం లెక్క కూడా ఉంది. డీజిలు 3,800, తిండి 2,900, బొమ్మలు 1,250, టికెట్లన్నీ కలిపి నాలుగు వందలు దాటలేదు. మావయ్య లెక్క అవతల పేజీలో రాశారు. నిద్ర లేని రాత్రులకు ఏం వెయ్యాలో తెలీక అక్కడ కలం ఆపి, ఆ గడి ఖాళీగా వదిలేశారు.

వరాహావతారం బొమ్మ బయటికి రాకుండా ఉండలేదు. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దేవుడు బానే ఉన్నాడు," అని దేవుడి గూట్లో పెట్టేశాడు. బావగారి సెట్టులో ఇప్పుడు తొమ్మిది అవతారాలే.

నా వాటా పని మిగిలింది. పట్టాదారు నంబరు తీసుకుని వచ్చాను. మూడు రోజుల్లో ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. నోటీసులా కాకుండా మామూలు మనిషిలా ఒక ఉత్తరం రాసి, కౌలు కార్డుకు సంతకం పెడితే భూమి మీద హక్కు ఎందుకు పోదో వివరించి, రిజిస్టర్ పోస్టులో పంపాను. 11వ సెక్షను కింద అనుమతి దరఖాస్తు కూడా రాసి ఇచ్చాను. సంతకం పెట్టమంటే మావయ్య, "ఆ కుంటిది కూడా లెక్కలోకి వస్తదా?" అని అడిగాడు. వస్తుందన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పంపాడో లేదో ఇంకా అడగలేదు.

నిన్న రాత్రి అత్తయ్య ఫోను చేసింది. ఈసారి దక్షిణం మూల నుంచి వచ్చాయట. అక్కడ కట్టడానికి చీరలు సరిపోలేదు, అక్క దగ్గర పాతవేమైనా ఉంటే పంపమంది. అక్క బీరువా ముందు అరగంట కూచుని నాలుగు తీసింది, ఒకటి మళ్లీ లోపల పెట్టేసింది.